రుషికుల్య తీరంలో తాబేళ్ల పండుగ: గంజాం తెలుగు పల్లెల కాపలా

ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట 2025 ఫిబ్రవరిలో సుమారు 6 లక్షల 98 వేల సముద్రపు తాబేళ్లు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టాయి. ఆ తీరంలో ఇంత పెద్ద లెక్క అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. దేశమంతటా పత్రికలు ఆ వార్త వేశాయి, ఫొటోలు వేశాయి. కానీ ఆ ఇసుకను ఆనుకుని ఉన్న పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే అన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. తాబేళ్లు క్షేమంగా వచ్చి వెళ్లడం వెనుక ఆ పల్లెల కాపలా ఉంది, ఆ కాపలా కోసం వదులుకున్న వేట కూడా ఉంది. ఈ రెండింటినీ ఒకచోట తెలుసుకోవడానికే ఈ వ్యాసం.

తీరం ఎక్కడుంది, అక్కడ ఎవరుంటారు

రుషికుల్య కంధమాల్ జిల్లా దరింగిబాడి కొండల్లో పుట్టి, గంజాం జిల్లా పొలాలను తడుపుతూ, గంజాం పట్టణం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. బరంపురం, ఛత్రపురం ఈ నదీముఖానికి దగ్గరి పట్టణాలు. నది కలిసే చోటికి అటూ ఇటూ కొన్ని కిలోమీటర్ల మేర పరుచుకున్న ఇసుకే తాబేళ్లు ఎంచుకున్న చోటు. పోడంపేట, గోఖరకుద, పురుణాబంధ దాని చుట్టుపక్కల ఉన్న ఊళ్లు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. సరిహద్దు గీశాక కూడా ఇక్కడి తెలుగువాళ్లు ఇక్కడే ఉండిపోయారు. వాళ్లలో తీరం వెంట ఉండే మత్స్యకారులను ఒడియావాళ్లు ‘నోలియా’లు అంటారు. వీళ్లలో వాడబలిజలు, జాలర్లు ఎక్కువ. గోపాలపూర్ నుంచి పూరీ దాకా వీళ్ల వాడలు కనిపిస్తాయి. పూరీ సముద్రంలో స్నానం చేసేవాళ్లు అలల్లో కొట్టుకుపోకుండా చెయ్యి పట్టుకుని కాపాడే నోలియాలు కూడా ఈ జనమే. రుషికుల్య ముఖం దగ్గర పోడంపేట, గోఖరకుద వంటి పల్లెల్లో ఉండేది ప్రధానంగా తెలుగు మత్స్యకార కుటుంబాలు. వాళ్ల పక్కనే ఒడియా కుటుంబాలు ఉన్నాయి. తాబేళ్ల కాపలా ఈ రెండు భాషలవాళ్లు కలిసి చేస్తున్న పని.

ఏమిటీ తాబేలు

ఇక్కడికి వచ్చేది ఆలివ్ రిడ్లే జాతి తాబేలు. సముద్రపు తాబేళ్లలో ఇది చిన్నవాటి కోవలోకి వస్తుంది. డిప్ప రెండడుగుల పైచిలుకు పొడవు, బరువు 40 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. డిప్ప పచ్చి ఆలివ్ కాయ రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. జెల్లీ చేపలు, పీతలు, రొయ్యలు, నత్తలు దీని ఆహారం.

ఈ జాతికి ఉన్న విశేషం గుంపుగా గుడ్లు పెట్టడం. మిగతా సముద్రపు తాబేళ్లలో చాలా జాతులు ఒంటరిగా ఒడ్డుకు వస్తాయి. ఆలివ్ రిడ్లేలు కొన్ని తీరాల్లో మాత్రం కొద్ది రోజుల వ్యవధిలో వేలు, లక్షల సంఖ్యలో ఒకేసారి వస్తాయి. దీన్ని ప్రపంచమంతా ‘అరిబాడా’ అనే స్పానిష్ మాటతో పిలుస్తుంది. ఆ మాటకు ‘రాక’ అని అర్థం. మెక్సికో, కోస్టారికా తీరాలు, ఒడిశా తీరం ఈ రాకకు పేరుపడ్డవి.

నవంబరు నుంచి తాబేళ్లు తీరానికి దగ్గరగా చేరి జతకడతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తల్లి తాబేళ్లు ఒడ్డెక్కుతాయి. ఎక్కువగా రాత్రిపూట వస్తాయి, గుంపు పెద్దదైనప్పుడు పగలు కూడా ఆగవు. ఒక్కో తల్లి వెనుక కాళ్లతో మూరెడు లోతు గుంత తవ్వి, నూరు నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. తర్వాత ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో ఆ చోటును దిమ్మిస కొట్టినట్టు గట్టిపరుస్తుంది. ఇదంతా ఓ గంటలోపు ముగించి తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది. పిల్లలను చూడటానికి మళ్లీ రాదు.

గుడ్లను ఇసుక వేడే పొదుగుతుంది. 45 నుంచి 55 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. పిల్ల ఆడదా మగదా అన్నది కూడా ఆ వేడే తేలుస్తుంది. ఇసుక చల్లగా ఉంటే మగవి, వెచ్చగా ఉంటే ఆడవి ఎక్కువగా పుడతాయి. పిల్లల్లో పెద్దదయ్యేదాకా బతికేది వెయ్యింటికి ఒకటని అంటారు. అందుకే ఒక్క ఏడాది గుడ్లు పాడైతే దాని ప్రభావం పదేళ్లు, పదిహేనేళ్ల తర్వాత కనిపిస్తుంది. ఈ రోజు గుడ్లు పెట్టడానికి వస్తున్న తల్లులు ఏళ్ల కిందట ఎవరో ఒకరు కాపాడిన ఇసుకలోంచి పాకి వెళ్లినవే.

లెక్కలు ఏం చెబుతున్నాయి

రుషికుల్యలో 2022లో సుమారు 5 లక్షల 50 వేలు, 2023లో 6 లక్షల 37 వేలు నమోదయ్యాయి. 2025లో దాదాపు 7 లక్షలకు చేరాయి. అదే ఏడాది కేంద్రపాడా జిల్లాలోని గహిర్మాతలో 6 లక్షలకు పైగా వచ్చాయి. రెండు చోట్లా కలిపితే 13 లక్షలు.

ఈ లెక్కలను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఇవి ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టిన తల్లుల లెక్కలు. మగ తాబేళ్లు ఒడ్డుకు రావు కాబట్టి అవి ఇందులో ఉండవు. రెండోది, ఏటా పెరగాలన్న నియమం లేదు. 2024లో రుషికుల్యలో సామూహికంగా గుడ్లు పెట్టడం అసలు జరగలేదు, అక్కడక్కడ కొన్ని ఒంటరి తల్లులు మాత్రమే వచ్చాయి. 2019లోనూ అలాగే జరిగింది. తీరం కోతకు గురైనా, ఇసుక తిన్నె ఆకారం మారినా, గాలి, ప్రవాహాలు అనుకూలించకపోయినా తాబేళ్లు రాకపోవచ్చు. కాబట్టి ఒక ఏడాది లెక్క చూసి పొంగిపోవడం కానీ, ఇంకో ఏడాది ఖాళీ తీరం చూసి కుంగిపోవడం కానీ సరికాదు. చూడాల్సింది పదేళ్ల, ఇరవై ఏళ్ల ధోరణిని. రుషికుల్యలో ఆ ధోరణి పైకే ఉంది.

గుడ్ల అమ్మకం నుంచి కాపలా దాకా

ఒడిశా తాబేళ్ల కథ ఎప్పుడూ ఇంత సంతోషంగా లేదు. ఒకప్పుడు గహిర్మాత గుడ్లను పడవలకు పడవలు నింపి అమ్మేవారు. తాబేలు మాంసం కలకత్తా మార్కెట్లకు వెళ్లేది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలును మొదటి షెడ్యూలులో చేర్చింది. అంటే పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉంది. వేటాడినా, గుడ్లు తీసినా, మాంసం అమ్మినా జైలు తప్పదు. 1974లో హెచ్. ఆర్. బస్టర్డ్ అనే శాస్త్రవేత్త గహిర్మాత రాకను ప్రపంచానికి తెలియజేశారు. 1981లో దేవీ నదీముఖం వద్ద రెండో చోటు బయటపడింది. మూడోది రుషికుల్య. దాన్ని 1994లో వన్యప్రాణి శాస్త్రవేత్త బివాష్ పాండవ్ శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఊరివాళ్లకు మాత్రం అది కొత్త సంగతి కాదు. సముద్రం మీద బతికేవాళ్లకు ఏ నెలలో ఏది ఒడ్డుకు వస్తుందో తెలియకుండా ఉండదు.

గహిర్మాతకు, రుషికుల్యకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. గహిర్మాత 1997లో సముద్ర అభయారణ్యం అయింది. అక్కడ తాబేళ్లు గుడ్లు పెట్టే చోట జనావాసాలు లేవు. రుషికుల్య అభయారణ్యం కాదు. ఊళ్లు, పడవలు, వలలు ఆరబెట్టే చోటు, పిల్లలు ఆడుకునే చోటు అన్నీ ఆ ఇసుక పక్కనే ఉన్నాయి. ఇక్కడ జనాన్ని పక్కకు నెట్టి తాబేళ్లను కాపాడటం కుదిరే పని కాదు. కాపాడితే ఊరివాళ్లే కాపాడాలి. పరిశోధకులు మొదటి నుంచీ ఊరి కుర్రాళ్లనే వెంట తీసుకుని తాబేళ్లను లెక్కపెట్టడం, ట్యాగులు వేయడం నేర్పారు. ఆ కుర్రాళ్ల చుట్టూనే రుషికుల్య సముద్ర తాబేళ్ల సంరక్షణ సమితి వంటి స్థానిక సంఘాలు పెరిగాయి.

పల్లెలు చేసే పని

కాపలా అంటే పగలూ రాత్రీ కర్ర పట్టుకుని నిలబడటం ఒక్కటే కాదు. సీజను మొదలవకముందే తీరం శుభ్రం చేయాలి. చిరిగిన వలలు, ప్లాస్టిక్ సంచులు, తుపాను తెచ్చి పడేసిన చెట్ల మొద్దులు తీసేయాలి. తల్లి తాబేలుకు ఇసుక మీద అడ్డు తగిలితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటి తుపాను వచ్చిన ఏడాది ఈ పని ఎన్ని రెట్లు పెరుగుతుందో ఊహించుకోవచ్చు.

గుడ్లు పెట్టాక అటవీ శాఖ తీరం వెంట వల కంచె కడుతుంది. కుక్కలు, నక్కలు, అడవి పందులు గుడ్లను తవ్వి తినకుండా ఊరివాళ్లు కాస్తారు. పిల్లలు బయటికి వచ్చే ఏప్రిల్, మే రాత్రులు అన్నిటికన్నా కీలకం. తాబేలు పిల్ల ఇసుకలోంచి తల బయటపెట్టగానే వెలుతురున్న వైపు పాకుతుంది. చీకటి తీరంలో నక్షత్రాల వెలుగు పడి మెరిసేది సముద్రమే కాబట్టి ప్రకృతి దానికి ఆ గుణం ఇచ్చింది. ఇప్పుడు వీధి దీపాలు, హైవే దీపాలు, పరిశ్రమల దీపాలు సముద్రం కన్నా ఎక్కువ వెలుగుతున్నాయి. పిల్లలు ఊరివైపు పాకి, రోడ్డు మీద నలిగిపోయి, లేదంటే తెల్లారాక ఎండకు, కాకులకు బలైపోతాయి. అందుకే ఆ రోజుల్లో తీరం వైపు దీపాలు ఆర్పడం, మసక చేయడం చేస్తారు. దారి తప్పి కంచెలో చిక్కిన పిల్లలను బకెట్లలో ఏరి నీళ్ల అంచున వదులుతారు. చీకట్లో ఊరి ఆడవాళ్లు, పిల్లలు కూడా ఈ పనికి వస్తారు.

దీనికి చట్టం భయం ఒక కారణమైతే, భక్తి మరో కారణం. తాబేలు కూర్మావతారమన్న భావన ఈ తీరంలో బలంగా ఉంది. గంజాంకు ఆనుకునే ఉన్న శ్రీకాకుళం జిల్లాలో శ్రీకూర్మం క్షేత్రం ఉంది. వలలో తాబేలు పడితే దండం పెట్టి వదిలేసే అలవాటు మత్స్యకారుల్లో పాతదే.

ఎవరు మోస్తున్న బరువు

ఈ మంచి వార్తకు ఒక ఖర్చు ఉంది. అది ఎక్కువగా పడేది ఈ పల్లెల మీదే.

ఒడిశా ప్రభుత్వం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవీ, రుషికుల్య నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటను నిషేధిస్తుంది. అది ఏడు నెలల కాలం. దానికి తోడు తూర్పు తీరం అంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలపు నిషేధం ఉంటుంది. రెండూ కలిపి చూస్తే ఏడాదిలో సగానికి పైగా కాలం ఇంటి ముందున్న సముద్రంలో వల వేయడానికి ఆంక్షలే. ప్రభుత్వం ఈ కుటుంబాలకు ఆర్థిక సాయం ఇస్తోంది. ఇది చాలదన్నది మత్స్యకారులు ఎప్పటినుంచో చెబుతున్న మాట. ఎంతోమంది సూరత్, కేరళ, చెన్నై హార్బర్లకు, బోట్ల మీద కూలికి వలస పోతున్నారు.

సముద్రం కూడా వీళ్లను వదలలేదు. పోడంపేట పాత ఊరు సముద్రపు కోతకు కూలిపోయింది. మొండిగోడలు మిగిలిన ఆ ఊరిని వదిలి కుటుంబాలు లోపలికి, కొత్త కాలనీకి తరలిపోవాల్సి వచ్చింది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకను, మనుషుల ఇళ్లను ఒకే కోత తింటోంది.

ఈ మత్స్యకారులను తాబేళ్లకు శత్రువులుగా చూపించే రాతలు అప్పుడప్పుడు వస్తుంటాయి. తాబేళ్లను ఎక్కువగా చంపేది పెద్ద ట్రాలర్ వల. తాబేలుకు ఊపిరితిత్తులే ఉంటాయి, మొప్పలు ఉండవు. గాలి కోసం పైకి రావాల్సిందే. గంటల తరబడి నీళ్లలో లాగే ట్రాలర్ వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. తెప్పల మీద, చిన్న ఫైబర్ బోట్ల మీద వెళ్లేవాళ్లు వల ఎత్తినప్పుడు తాబేలును విడిపించే వీలుంటుంది, ట్రాలర్‌కు ఆ వీలు తక్కువ. నిషేధం రాసేటప్పుడూ, అమలు చేసేటప్పుడూ ఈ తేడాను గుర్తించాలన్నది న్యాయమైన కోరిక.

దీనికి పరిష్కారం లేకపోలేదు. వల మధ్యలో ఏటవాలు ఊచల చట్రం బిగిస్తే రొయ్యలు, చిన్న చేపలు లోపలికి జారిపోతాయి, తాబేలు పైనున్న తలుపులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయేలా ఇలాంటి చట్రాన్ని రూపొందించింది. కొంత చేప కూడా పోతుందని బోటు యజమానులు వెనకాడుతున్నారు. కానీ ఇది వాడకపోవడం వల్ల పోయేది ఇంకా ఎక్కువ. తాబేళ్లకు రక్షణ చాలడం లేదన్న కారణంతో 2019 నుంచి అమెరికా మన సముద్రంలో పట్టిన రొయ్యలను కొనడం ఆపేసింది.

మిగతా తీరాల్లో

తాబేలుకు రాష్ట్రాల సరిహద్దులు లేవు. గహిర్మాతలో 2021 మార్చిలో 03233 నంబరు ట్యాగు వేసిన ఒక తల్లి, 2025 జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. దేశానికి ఆ వైపు నుంచి ఈ వైపుకు వేల కిలోమీటర్లు ఈదిందన్నమాట. తూర్పు తీరపు తాబేళ్లు, పడమటి తీరపు తాబేళ్లు వేర్వేరన్న పాత అభిప్రాయాన్ని ఆ ఒక్క తల్లి కదిలించింది.

అదే రత్నగిరి జిల్లాలోని వేళాస్ గ్రామంలో 2002 నుంచి ఊరివాళ్లు, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి గుడ్లను కాపాడుతున్నారు. పిల్లలను వదిలే రోజులను 2006 నుంచి తాబేళ్ల పండుగగా జరుపుతున్నారు. చూడటానికి వచ్చినవాళ్లు ఊరివాళ్ల ఇళ్లలోనే బస చేస్తారు, వాళ్లు వండిందే తింటారు. ఆ డబ్బు ఊరికే చేరుతుంది. గంజాం పల్లెలు కోరుకోదగ్గ దారి ఇది.

చెన్నైలో 1988 నుంచి విద్యార్థులు రాత్రిపూట తీరం వెంట నడుస్తూ గుడ్లను సేకరించి పొదిగే చోటికి చేరుస్తున్నారు. 2025 జనవరిలో అదే తీరానికి వందల సంఖ్యలో చనిపోయిన తాబేళ్లు కొట్టుకు వచ్చాయి. ఒకే దేశంలో, కొద్ది వారాల తేడాలో, ఒక తీరంలో రికార్డు, మరో తీరంలో శవాలు. రెండూ చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది.

ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా పలుచోట్ల అటవీ శాఖ, స్థానిక మత్స్యకారులు గుడ్లను పొదిగించి పిల్లలను సముద్రంలో వదులుతున్నారు. యానాంకు చేరువలో, గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగ అభయారణ్యం, హోప్ ఐలాండ్ తీరాల్లో కూడా ఇవి గుడ్లు పెడతాయి. యానాం పడవలు వేటకు వెళ్లే సముద్రంలోనే ఈ తాబేళ్లు తిరుగుతాయి.

చూడటానికి వెళ్లేవాళ్లకు

రుషికుల్యకు బరంపురం, ఛత్రపురం నుంచి వెళ్లడం తేలిక. వెళ్లేవాళ్లు ఈ కొన్ని సంగతులు పాటిస్తే చాలు.

ముందుగా అటవీ శాఖను, ఊళ్లోని కాపలా సంఘాన్ని అడిగి, వాళ్లు చూపిన దారిలోనే నడవండి. ఇసుక కింద గుడ్లు ఉంటాయి, కంటికి కనిపించవు.

టార్చి, ఫోను లైటు, ఫ్లాష్ వేయవద్దు. ఒడ్డెక్కుతున్న తల్లి వెలుతురు చూసి వెనక్కి పోతుంది.

తల్లి ముందు నిలబడవద్దు, దాని మీద చెయ్యి వేయవద్దు, పిల్లలను దాని మీద కూర్చోబెట్టి ఫొటో తీయవద్దు. ఇది చట్టరీత్యా నేరం కూడా.

పాకుతున్న పిల్లను చేతిలోకి తీసుకుని సముద్రంలోకి విసరవద్దు. దారి తప్పినవాటిని ఏం చేయాలో కాపలావాళ్లకు తెలుసు.

వెంట తెచ్చిన ప్లాస్టిక్‌ను వెంటే తీసుకెళ్లండి. వీలైతే ఊళ్లోనే టీ తాగండి, భోజనం చేయండి, ఊరి కుర్రాడినే దారి చూపమనండి. తాబేలు వల్ల ఊరికి నాలుగు రూపాయలు వస్తే కాపలాకు అంతకన్నా బలం ఉండదు.

మీ ఊరి తీరంలో తాబేలు చనిపోయి కనిపించినా, గుడ్లు కనిపించినా దగ్గరి అటవీ అధికారికి చెప్పండి. ట్యాగు ఉంటే దాని మీది నంబరు రాసుకోండి. గుహాగర్ తల్లి సంగతి బయటపడింది అలాంటి ఒక నంబరు వల్లే.

రుషికుల్య లెక్కలు పెరుగుతున్నాయంటే, ఇరవై, ముప్పై ఏళ్లుగా రాత్రిళ్లు మేల్కొన్నవాళ్ల కష్టం ఫలిస్తోందని అర్థం. ఆ ఫలం నిలవాలంటే వేట ఆగిన నెలల్లో ఆ ఇళ్ల పొయ్యి వెలగాలి, కోతకు గురైన ఊరికి గట్టి నేల దొరకాలి. తాబేళ్ల లెక్క రాసే ప్రతి వార్తలోనూ ఆ పల్లెల పేర్లు కూడా ఉండటం న్యాయం.